మబ్బుల పంచాయతి

మా అన్న మనవరాలు శ్రావణి ఫోనులో ఒక గ్రూపు ఉంది. అందులో ఉన్నవాళ్లందరికీ మబ్బుల పిచ్చి. ఒకరిది తాండూరు, ఒకరిది నల్లగొండ, ఇంకొందరిది ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు. అయినా ఆకాశంలో ఓ మూల కాస్త నల్లబడితే చాలు, పెళ్లింట్లో వంటవాడు రాలేదన్నంత హడావుడి మొదలవుతుంది. మొన్న మిరుగం ముందు రోజు పొద్దుగూకే వేళకు నేను బడంగ్‌పేట్ నుంచి ఇబ్రహీంపట్నంలో అన్న ఇంటికి చేరేసరికి ఆ పిల్ల డాబా మీద ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. అన్న పక్కనే కుర్చీ వేసుకుని, ఆకాశాన్ని వదిలేసి ఆ పిల్లనే చూస్తూ కూర్చున్నాడు. మృగశిర కార్తె మొదటి రోజును మేము మిరుగం అంటాం. ఆ రోజు చేప ముక్క నోట్లో పడకపోతే ఏడాదంతా రోగాలేనని మా దిక్కు నమ్మకం. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, ఆ రోజు కొని తినడమేమిటని నేను ఏటా ముందు రోజే అన్న ఇంటికి వచ్చేస్తాను.

శ్రావణి నాకు ఫోను చూపించింది. తెరమీద పచ్చగా, పసుప్పచ్చగా, నడుమ ఎర్రగా ఏదో మరక కదులుతోంది. "అమ్మమ్మా, గీ ఎర్రది చూడు. గిది మన మీదికే రావాలె. కాని నడుమల విరిగిపోయేటట్టు గూడ ఉంది. వస్తే మస్తు వస్తది, లేకుంటే అసలే రాదు," అంది. గ్రూపులో ఒకాయన ఈ రాత్రి పిడుగులు పడతాయని రాశాడు. ఇంకొకాయన, అంత సీన్ ఉండకపోవచ్చు, నాలుగు చినుకులతో సరేమో అని రాశాడు. ఇద్దరి కిందా తలా కొంతమంది చేరి వాదించుకుంటున్నారు. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నావని ఆ పిల్ల అడిగింది. ఇది నేను పుట్టి పెరిగిన గ్రూపే బిడ్డా, అప్పుడు ఫోను లేదు గానీ గొడవంతా ఇదే అన్నాను. చెప్పమంది. వాన రావాలంటే ఇంకా టైముంది, చెప్పకపోతే ఊరుకునే రకమూ కాదు. అందుకని చెప్పడం మొదలుపెట్టాను. అన్న ఈ కథ చాలాసార్లు విన్నవాడే.

మా బాపు పేరు జంగయ్య. మా ఊరి పెద్ద చెరువే మా బతుకు. బాపు కుడి మోకాలు పాడయ్యాక తెప్ప ఎక్కడం మానేశాడు. వలలు మా అన్న మల్లేశు, చిన్నాయన నర్సింహ కలిసి కట్టేవాళ్లు. సాయంత్రం పోయి నీళ్లలో వల కట్టి రావడం, తెల్లవారుజామున పోయి ఎత్తుకు రావడం, ఇదీ పని. బాపు మాత్రం చెరువు కట్ట మీద కూర్చుని ఆకాశాన్ని చూసేవాడు. తెప్ప ఎక్కనివాడికి ఇంకేం పని అని ఊళ్లో కొందరు వెక్కిరించేవారు గానీ, అది నిజంగా పనే. నీళ్ల మీద ఉన్నవాడికి నెత్తి మీద ఏముందో కనిపిస్తుంది తప్ప దూరాన ఏం లేస్తోందో తెలియదు. గాలి తోలితే కేకేసినా వినపడదు. అందుకని బాపు దగ్గర ఒక లాంతరు ఉండేది. మబ్బు మన వైపు తిరిగిందని బాపుకు అనిపిస్తే, ఆ లాంతరును తల మీదికి ఎత్తి నిదానంగా అటూ ఇటూ ఊపేవాడు. అది చూడగానే వల ఎక్కడిదక్కడ వదిలేసి ఒడ్డుకు వచ్చేయాలి. ఎందుకు, ఏమిటి అని అడగడం లేదు.

బాపు ఒక్కడే కూర్చుంటే దాన్ని పంచాయతి అనరు. పక్కన ఖాసిం చాచా ఉండేవాడు. ఆయన ఊరి చుట్టుపక్కల మామిడి తోటలు గుత్తకు పట్టేవాడు. పూత మొదలైన దగ్గర్నుంచి చివరి కాయ దిగేదాకా ఆయనకు గాలి అంటే దడ. బాపుకు వాన కావాలి, చెరువు నిండాలి. ఖాసిం చాచాకు వాన వద్దు, గాలి అసలే వద్దు. ఇద్దరూ ఒకే మబ్బును చూస్తూ, ఒకరు రమ్మని, ఒకరు పొమ్మని మనసులో మొక్కుకుంటూ ఏళ్ల తరబడి ఒకే బండ మీద కూర్చున్నారు. మూడో మనిషి మా నాయనమ్మ లచ్చవ్వ. చుట్ట ముట్టించుకుని కాస్త ఎడంగా కూర్చునేది. ఆవిడకు మబ్బు చూసే అవసరమే లేదు, గాలి వాసన చూసి చెప్పేది. నాలుగో మనిషిని నేను. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. నా పని రేడియో. వార్తల చివర వాతావరణం చెప్పగానే విని, పరుగున పోయి పంచాయతికి చెప్పాలి. ఏడాదంతా ఆ రేడియో ఒకే మాట చెప్పేది: అక్కడక్కడ ఉరుములు మెరుపులతో కూడిన జల్లులు పడే అవకాశం ఉంది. అక్కడక్కడ అంటే ఎక్కడే అని బాపు నన్ను నిలదీసేవాడు, నేనే ఆ జల్లులను పంచుతున్నట్టు. ఊళ్లో వాళ్లు మా నలుగురికీ పెట్టిన పేరే మబ్బుల పంచాయతి. ఎవరింట్లో శుభకార్యం ఉన్నా, ఎవరి వడ్లు కల్లంలో ఉన్నా, ముందు మా దగ్గరికి వచ్చి అడిగిపోయేవారు. మేము చెప్పింది సగంసార్లు తప్పేది. అయినా మళ్లీ వచ్చేవారు.

బాపు తన మాట తప్పిందని ఒప్పుకున్నది నేను చూడలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. వాన రాదన్న రోజు వాన కురిస్తే, ఇది మనది కాదు, దారితప్పి వచ్చింది అనేవాడు. వస్తుందన్న రోజు రాకపోతే, వచ్చింది గానీ మన ఊరు దాటాక పడింది అనేవాడు. చందమామ చుట్టూ వలయంలా గుడి కడితే ఆయన పండగ చూడాలి. దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన అని సామెత. ఈ గుడి దగ్గరదా, దూరందా అన్న దాని మీద ఆయనకూ ఖాసిం చాచాకూ అన్నం చల్లారేదాకా వాదన. వాదించేటప్పుడు బాపు చేతులు ఊరికే ఉండవు. చేతిలో ఏముంటే దాంతోనే చూపిస్తాడు. మజ్జిగ గ్లాసుంటే మజ్జిగ మన మీద పడుతుంది. బీడీ ఉంటే నిప్పు రాలుతుంది. అమ్మ అందుకే ఆయన తినేటప్పుడు మబ్బుల మాట ఎత్తనిచ్చేది కాదు. ఆయన చేతులు కట్టేస్తే మాట కూడా రాదని నాయనమ్మ నవ్వేది.

ఎండాకాలం చివరి దినాల్లో మా ఇంటి వాసన నాకు ఇప్పటికీ ముక్కుపుటాల్లో ఉంది. వాకిట్లో ఆరేసిన వలల నీచు వాసన, దాని కింద ఎండిన చెరువు మట్టి వాసన, నాయనమ్మ చుట్ట వాసన, పొయ్యి మీద మామిడికాయ వేసి మరిగే చేపల పులుసు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మా ఇంట్లో రోలు పగలలేదు గానీ అందరి ఓపికలూ పగిలేవి. అమ్మ గిన్నెలు విసిరేది. చిన్నాయన దేనికో ఒకదానికి అలిగేవాడు. అందరం వాకిట్లో నులకమంచాలు వేసుకుని, ఒంటికి తడిగుడ్డ కప్పుకుని పడుకునేవాళ్లం. ఎక్కడో దూరంగా ఒక్క మెరుపు మెరిస్తే అన్ని మంచాలూ కిర్రుమనేవి. అందరూ లేచి కూర్చుంటారు. ఉరుము వినపడేదాకా ఊపిరి బిగపట్టి, వినపడ్డాక అది దగ్గరదా దూరందా అని బాపు తేల్చి చెప్పేదాకా ఎవరూ తిరిగి నడుం వాల్చేవారు కాదు. అవసరం కొద్దీ చూసేవాళ్లమని ఇప్పుడు చెప్పుకుంటాం గానీ, అది పూర్తి నిజం కాదు. మాకు అదంటే ఇష్టం. మెరుపు చూడటమంటే ఆ ఇంట్లో అందరికీ ప్రాణం.

ఆ ఏడు చెరువులో నీళ్లు బాగా మిగిలి ఉన్నాయి. మిరుగం ముందు రోజు వచ్చింది. చేపలు పట్టేవాళ్లకు ఏడాదిలో అంత పెద్ద రోజు ఇంకోటి లేదు. తెల్లవారితే ఊరు ఊరంతా సంచులు పట్టుకుని మా వాకిట్లో నిలబడుతుంది. ఆ సాయంత్రం వల కట్టకపోతే పొద్దున చేప లేదు. మరి మిరుగం వచ్చేది తొలకరి వానల వేళ కాబట్టి ఉరుములు, గాలిదుమారాలు కూడా సరిగ్గా ఆ దినాల్లోనే వస్తాయి. ఈ తిరకాసు ఏటా ఉన్నదే. ఆ రోజు మధ్యాహ్నం నుంచే చెమటలు కక్కే ఉక్క. ఆకు కదలడం లేదు. పొద్దు వాలుతుండగా పడమర మహేశ్వరం దిక్కు ఒక మబ్బు లేచింది. రేడియో ఎప్పటిలాగే అక్కడక్కడ అంది. నాయనమ్మ ఎవరినీ అడగకుండానే పిడకలు, కట్టెలు లోపలికి చేరవేసి, కోడిపిల్లలను గంప కింద మూసింది. అది ఆవిడ తీర్పు. బాపు మాత్రం కట్ట మీద నిలబడి చాలాసేపు చూసి, ఆ మబ్బు కందుకూరు మీదుగా జారి యాచారం దిక్కు పోతుందని తేల్చేశాడు. నాయనమ్మ, గాలి నిలిచిపోయింది, నిలిచిన గాలి మంచిది కాదు అంది. బాపు వినిపించుకోలేదు.

అమ్మకు అన్నను పంపడం ఇష్టం లేదు. పొద్దున ఎవరొచ్చి అడిగినా లేదని చెప్తాను, ఒక్క మిరుగానికి చేప తినకపోతే ఊరేం చచ్చిపోదు అని గొణిగింది. అన్న వల భుజాన వేసుకుని కట్ట దిగుతూ ఆగాడు. అప్పటికి అతనికి మీసాలు కుదురుగా వచ్చి ఎంతో కాలం కాలేదు. బాపు వైపు తిరిగి అడిగాడు.

"బాపు, వస్తదా?"

"రాదు. అది యాచారం సొమ్ము. నువ్వు పో."

అంతే. అన్న ఒక తెప్ప మీద, చిన్నాయన ఇంకో తెప్ప మీద నీళ్లలోకి పోయారు. అవతలి ఒడ్డున తాటిచెట్లు వరసగా ఉంటాయి, ఆ దిక్కున నీళ్లు లోతు, అక్కడ బొచ్చె చేపలు బాగా పడతాయి. వాళ్లు చిన్నగా అయి, చీకటి పడేసరికి కనిపించకుండా పోయారు. మెరుపు మెరిసినప్పుడు మాత్రం నీళ్ల మీద రెండు నల్లని గీతల్లా కనిపించేవారు. బాపు లాంతరు వెలిగించి బండ మీద పెట్టాడు. మబ్బు నిజంగానే కందుకూరు వైపు ఒరిగినట్టు కనిపించింది. లోపల్లోపల మెరుస్తూ, ఉరుము లేకుండా, చాలా అందంగా ఉంది. నేను, బాపు నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాం, నాయనమ్మ ఎప్పటిలాగే కాస్త ఎడంగా కూర్చుంది. వద్దనుకున్నా కళ్లు తిప్పుకోలేనంత అందం.

అప్పుడు ఖాసిం చాచా ఆయాసపడుతూ వచ్చాడు. ఆయన తోటలో చివరి కాయ ఇంకా చెట్ల మీదే ఉంది. మబ్బు తిరిగింది, మన దిక్కే వస్తోంది అన్నాడు. బాపుకు రోషం వచ్చింది. సాయంత్రం నుంచి నాయనమ్మ, అమ్మ ఎదురు చెప్పారు, ఇప్పుడు ఈయన కూడా. లేచి నిలబడ్డాడు. బండ మీది లాంతరు చేతిలోకి వచ్చింది, ఎప్పుడు వచ్చిందో ఆయనకే తెలియదు. "గట్ల కాదు భాయ్, నువ్వు జర సక్కగ చూడు. గిక్కడ లేసింది, గిట్ల ఒంగింది, గిట్ల పోతుంది," అంటూ లాంతరుతోనే పడమర నుంచి దక్షిణానికి గీత గీశాడు. ఖాసిం చాచా కాదన్నాడు. బాపు మళ్లీ గీశాడు. ఇంకోసారి, ఇంకా గట్టిగా. వాన రాదని నిరూపించడానికి బాపు ఆ లాంతరును ఎన్నిసార్లు ఊపాడో నేను చెప్పలేను.

ఒక మెరుపు మెరిసింది. నీళ్ల మీద ఆ రెండు గీతలు మా వైపు తిరిగి ఉన్నాయి. నేనే ముందు చూశాను. బాపూ, తెప్పలు వెనక్కి వస్తున్నాయి అన్నాను. ఎందుకొస్తున్నారు, వల ఇంకా కట్టి ఉండరే అన్నాడు. అని, తన చేతి వైపు చూసుకున్నాడు. లాంతరు ఇంకా ఊగుతోంది. ఆయన ముఖం నాకు ఆ వెలుతురులో బాగా కనిపించింది. దొంగతనం చేస్తూ దొరికిన పిల్లవాడి ముఖం. గబుక్కున లాంతరు బండ మీద పెట్టేసి, పొమ్మని చేతులూపాడు, కేకలేశాడు. చీకట్లో చేతులు ఎవరికి కనిపిస్తాయి. రమ్మనే గుర్తు మాకు ఉంది గానీ పొమ్మనే గుర్తు లేదు. అలాంటిది అవసరం పడుతుందని ఎవరూ అనుకోలేదు.

చిన్నాయన ఒడ్డుకు వస్తూనే ఎగిరాడు. మబ్బు అంత దూరాన ఉంటే ఎందుకు పిలిచావు, వల సగం కట్టి వదిలేసి వచ్చాం, పొద్దున ఊరికి ఏం పెడతావని అడిగాడు. బాపు నసిగాడు. పిలవలేదు అని చెప్పబోయి, చెప్పలేక, మళ్లీ పోయి రండి, ఇంకా టైముంది అన్నాడు. చిన్నాయన తిట్టుకుంటూనే తెప్పను మళ్లీ నీళ్లలోకి తోశాడు. అన్న కదల్లేదు. ఒడ్డున బురదలో కూర్చుండిపోయాడు. కాలికి ఏదో గుచ్చుకుందన్నాడు. ఏది, చూపించు అని చిన్నాయన వంగాడు. అదిగో, అంతవరకే మాటలు. తర్వాత గాలి వచ్చింది.

అది ఎటునుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. మహేశ్వరం మబ్బు సంగతి మేము వాదించుకుంటుండగా మా వెనక నుంచి, ఎవరూ చూడని దిక్కు నుంచి ఇంకొకటి లేచి ఉండాలి. ముందు దుమ్ము, ఆ తర్వాత మనిషిని నిలవనీయని గాలి, దాని వెంట వాన. చిన్నాయన తోసిన తెప్ప తనంతట తానే తిరగబడింది. లాంతరు ఎటో పోయింది. బాపు అందరినీ కట్ట వెనక్కి, పల్లంలోకి దిగమని అరిచాడు. చెట్టు కిందికి పోవద్దన్నాడు. మేమంతా మోకాళ్లలో తలలు పెట్టుకుని కూర్చున్నాం. ఖాసిం చాచా అల్లాను, నాయనమ్మ అర్జునుడిని తలుచుకుంటున్నారు. అప్పుడు పడింది పిడుగు. చెవులు గింగురుమని కాసేపు ఏమీ వినపడలేదు. తల ఎత్తి చూస్తే, చెరువు అవతలి ఒడ్డున, మా వాళ్లు వల కట్టే చోట, తాటిచెట్టు ఒకటి అంత వానలోనూ మండుతోంది. అందరం ఆ చెట్టును చూశాం, తర్వాత అన్ననూ చిన్నాయననూ చూశాం. చిన్నాయన మా బాపు రెండు కాళ్లూ పట్టుకుని ఏడ్చాడు.

ఇంటికి పోయాక అమ్మ అన్న తల తుడిచిందే తుడిచింది. వెంట్రుకలు ఆరిపోయినా వదల్లేదు. పొయ్యి రాజేసి అందరికీ వేడి వేడి జొన్న గటక పెట్టింది. బతికి ఉన్నామన్న సంతోషం అందరి నోళ్లలోనూ ఉంది, అనవసరంగా నవ్వుతున్నాం, చిన్న మాటకు కూడా నవ్వుతున్నాం. బాపు ఒక్కడు గిన్నె ముట్టలేదు. గోడకు ఆనుకుని అన్న వైపే చూస్తున్నాడు. నాయనమ్మ పక్కన కూర్చుంది.

"నేను రాదన్న అవ్వా. నా మాట మీదనే పోయిండు."

"తిరిగి వచ్చిండు గద. తిను."

"నేను పిలువలే."

"నువ్వు పిలువకున్న వచ్చిండు. ఇంకేం గావాలె నీకు. తిను," అని నాయనమ్మ ముద్ద చేసి నోటికి పెట్టింది.

మర్నాడు మిరుగం. ఊరు సంచులతో రానే వచ్చింది. మా ఇంట్లో చేప లేదు. అమ్మ కుండలో దాచిన ఎండు చేపలను తలా పిడికెడు పెట్టి పంపింది. మాకు అవి కూడా మిగల్లేదు. చేప తినని వాళ్లు ఆ రోజు ఇంగువ, బెల్లం కలిపి ఉండ చేసి మింగుతారు. చేపలు పట్టే మా ఇంటిల్లిపాదీ ఆ ఏడు అదే మింగాం. ఇంగువ ఘాటుకు నాయనమ్మ కళ్లలో నీళ్లు తిరిగి, ఈ వయసులో నన్ను కోమటోళ్లలో కలిపారురా అంది. చేప దొరకలేదని ఎవరూ నిష్ఠూరమాడలేదు. అప్పటికే చిన్నాయన ఊరంతా చెప్పి వచ్చాడు: ఆకాశం నిమ్మళంగా ఉండగానే మా జంగన్న పిడుగును పసిగట్టి పిలిచాడని. ఒక్కొక్కరే వచ్చి బాపుకు దండం పెట్టారు. బాపు దాచుకోలేదు. నాకేమీ తెలియదు, ఖాసిం భాయికి మబ్బు ఎటు పోతుందో చూపిస్తుంటే వాళ్లు పొరపడి వచ్చారు అని అందరికీ చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు. ఎంత పెద్ద మనసు, గొప్ప చెప్పుకోడు అన్నారు. ఖాసిం చాచా సాక్ష్యం చెప్పినా, స్నేహితుడు కదా అలాగే అంటాడన్నారు. నిజం చెప్పి కూడా అబద్ధంలో ఇరుక్కున్న మనిషిని నేను మా బాపును తప్ప ఇంకొకరిని చూడలేదు. ఖాసిం చాచా తోటలో చివరి కాయంతా రాలిపోయింది. ఆయన దాన్ని గంపలకెత్తించి మా ఇంటికి పంపాడు. ఆ ఏడు అమ్మ పెట్టినంత తొక్కు మళ్లీ ఎప్పుడూ పెట్టలేదు.

ఆ తర్వాత బాపు మారిపోయాడు. పంచాయతి మానలేదు, రోజూ కట్ట మీదికి వచ్చేవాడు. కానీ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. వస్తదా జంగన్నా అని ఎవరడిగినా, "తెల్వదు. ఆగుండ్రి," అనేవాడు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అని సామెత ఉండనే ఉంది, జనం దాన్ని కూడా జ్ఞానం కిందే జమకట్టారు. నాకు మాత్రం ఆ కట్టుకున్న చేతులు చూడబుద్ధి అయ్యేది కాదు. గ్లాసులోంచి మజ్జిగ చిందడం లేదని అమ్మ కూడా సంతోషించలేదు. అన్నిటికంటే అన్యాయం ఏమిటంటే, మబ్బు పట్టిన రాత్రి ఆయనకు నిద్ర లేకుండా పోయింది. చెరువు మీద ఎవరూ లేకపోయినా, అన్న పక్క మంచంలోనే పడుకుని ఉన్నా, బాపు లేచి కూర్చునేవాడు. చెయ్యి చాచి అన్న మంచం పట్టె పట్టుకుని అలాగే తెల్లవార్చేవాడు. నాకు పెళ్లయి పోయాక కూడా, ఉరుము వినపడితే, బాపు ఇప్పుడు లేచి కూర్చుని ఉంటాడు అనుకునేదాన్ని. ఆయన పోయినప్పుడు కూడా నాకు ఆ దిగులే మిగిలింది. తన నోటితో కొడుకును పిడుగుకు పంపానని, దేవుడు కాదు, తన పిచ్చి చెయ్యి కాపాడిందని అనుకుంటూనే పోయాడని.

ఆ రోజులే బంగారం అనేవాళ్ల మాట నేను నమ్మను. నడుమ ఏళ్లకేళ్లు చెరువు ఎండిపోయింది, మళ్లీ నిండింది. సాగర్ రోడ్డు పొడవునా మామిడి తోటలు పోయి ప్లాట్ల రాళ్లు వెలిశాయి. ఖాసిం చాచా మనవళ్లకు మామిడిపూత ఎప్పుడు వస్తుందో తెలియదు, అందుకు వాళ్లేమీ చిక్కిపోలేదు. ఇప్పుడు పిడుగు పడేలా ఉంటే ముందే ఫోను టింగుమంటుంది, పొలంలో ఉన్నవాడు ఇంటికి పరుగెత్తుతాడు. ఇదే మాకు అప్పుడు ఉండి ఉంటే మా బాపు హాయిగా నిద్రపోయేవాడు. శ్రావణి గ్రూపులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఎంత వాదించుకున్నా, అక్కడ ఎవరూ రాదు అని కొట్టిపారేయరు. ఉండొచ్చు, ఉండకపోవచ్చు, చూద్దాం అంటారు. అంత చదివి, అంత దూరం నుంచి మబ్బు పొట్టలోకి చూసి కూడా, తెలియదు అని చెప్పడానికి వాళ్లకు సిగ్గు లేదు. మా బాపు ఆ మాట నేర్చుకోవడానికి ఎంత ఖర్చు పెట్టాడో నాకు తెలుసు.

నేను కథ ముగించేసరికి శ్రావణి ఫోను పక్కన పెట్టేసింది. ఎర్ర మరక మా ఊరి దాకా రాకుండానే రెండు ముక్కలై చెదిరిపోయిందట. నాలుగు చినుకులు పడ్డాయి, డాబా వేడికి పడ్డచోటే ఆరిపోయాయి. గ్రూపులో కొందరు ఏడుస్తున్నారు, కొందరు నేను చెప్పలేదా అంటున్నారు. ఆ పిల్ల అవేమీ చూడకుండా తాత వైపు తిరిగింది.

"తాతా, గా లాంతరు చూసి నువ్వు నిజంగనే పిలుస్తున్రు అనుకున్నవా?"

ఈ కథ అయ్యాక ఎవరైనా నవ్వుతారు, లేకపోతే చేతులు జోడిస్తారు. ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

"లేదు బిడ్డా," అన్నాడు. "పిలిచేటప్పుడు బాపు తల మీదికి ఎత్తుతడు, నిమ్మళంగ ఊపుతడు. గది గట్ల లేకుండె. ఖాసిం చాచాతోటి లొల్లి పెట్టుకుంటుండని నాకు అక్కడ్నించే సమజైంది. బాపు చెయ్యి నాకు తెల్వదా. చిన్నాయన అడిగిండు, గది పిలుపేనారా అని. అవ్, పిలుస్తుండు, పోదాం పా అన్న."

"ఎందుకన్నా?" అన్నాను.

"భయమైంది చెల్లె. గాలి లేకుండె, నీళ్లు గూడ కదుల్తలెవ్వు. బాపు రాదన్నడు గద, ఆయన మాట కాదని నేనే ఎట్ల తిరిగొస్త. ఏదో ఒక సాకు కావాల్సుండె. లాంతరు కనవడ్డది. కాలుకు గుచ్చుకున్నది గూడ ఏం లేదు. మల్ల పొమ్మంటరని గట్ల కూసున్న."

ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని అడగబోయాను. ఆ వయసు మగపిల్లవాడు, చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడు, నీళ్లంటే భయమైందని ఎవరితో చెప్తాడు. అది నాకు అర్థమైంది. నా నోట్లోంచి వచ్చింది వేరే ప్రశ్న. బాపుకు ఇది తెలుసా అన్నాను.

"చెప్పిన. దవాఖానల వేసినప్పుడు, ఆఖరి దినాలల్ల. ఉరుముతుండె ఆ రాత్రి. లేసి కూసున్నడు ఎప్పటి లెక్కనే. నీ చెయ్యి చూసి గాదు, నా అంతట నేనే తిరిగొచ్చిన అని అప్పుడు చెప్పిన. శానసేపు నా మొకం దిక్కు చూసిండు. గీ ముచ్చట అప్పుడే చెప్పరాదురా, నిద్రన్న పోతుంటి అన్నడు." అన్న నవ్వాడు. "పండుకున్నడు ఇగ. గురక పెట్టి పండుకున్నడు. పక్క మంచపాయన లేసి నన్ను తిట్టిండు, మీ నాయినను జర పక్కకు వొరగబెట్టు అని."

శ్రావణి పకపకా నవ్వింది. నేను కూడా నవ్వాను, కళ్లు తుడుచుకుంటూ. అన్నకు అదొక చిన్న ముచ్చట, చెప్పేసి కుర్చీ మడిచి మెట్లు దిగిపోయాడు. బాపు ఒక ఉరుముల రాత్రి గురక పెట్టి నిద్రపోయాడని నాకు ఇన్నేళ్లూ తెలియదు.